ఇతరం

మధ్యాహ్నం రెండు నుంచి ఏడు దాకా
పరాయివాళ్ళ చెవుల్లో కూర్చోవడం నా ఉద్యోగం.
వల్పరైసోలో ఓ కొండ, మూడో అంతస్తు,
వంటింటి బల్లే ఆఫీసు.
పూర్తయిన ఫారానికి ఇంత అని లెక్క,
మధ్యలో ఫోను పెట్టేస్తే సున్న.

"మీకు పద్దెనిమిది నిండాయా? ముప్పై లోపేనా?
మాస్కు ఎందుకు పెట్టుకుంటున్నారు?
భయం, చట్టం, కుటుంబం, సమాజం, ఇతరం.
ఒక్కటే చెప్పండి."

ఒక్కటే ఎవరూ చెప్పరు.

ఫ్రెసియా చేపల రేవులో పద్దులు రాస్తుంది.
"జరిమానా కట్టే డబ్బుంటే బూట్లు కొనుక్కోనూ!" అంది.
చట్టం దగ్గర టిక్కు పెట్టబోయాను.
"ఆగు, అప్పుడే రాసెయ్యకు.
పోయిన వారమంతా రేవులో పోలీసు నీడ కూడా లేదు.
అయినా తియ్యలేదు. ఎందుకో నువ్వే చెప్పు."
నాకు చెప్పే అధికారం లేదు.

ఎలియెసెర్‌కి ముందు పళ్ళు రెండు లేవు.
"నా బతుక్కి మొదటిసారి అమ్మాయిలు కళ్ళలోకి చూస్తున్నారు,
ఈ రోగం పోకూడదని మొక్కుకున్నా" అని నవ్వి,
ఆ నవ్వు సగంలోనే
"అలా అనకూడదులే" అన్నాడు.
కింది వాటాలోంచి ముందురోజే శవం లేచిందట.

ఏడో ప్రశ్న చేతులు కడుక్కోవడం గురించి.
కొండ నెత్తిన ఉండేవాళ్ళకి నీళ్ళ లారీ మంగళవారం వస్తుంది.
ఆ ప్రశ్న సోమవారం అడగకూడదని
తిట్లు తిని నేర్చుకున్నాను.

నిబాల్దో అనే కుర్రాడు కొండ లిఫ్టు నడుపుతాడు.
అతని మాటల వెనక ఇనప తాడు కిర్రుమంటోంది.
"రెండు పెట్టెలు కదా మాకు,
ఒకటి దిగితేనే ఒకటి ఎక్కుతుంది.
అవతలి పెట్టెలో ఎవరున్నారో ఇవతలివాడికి తెలీదు.
సగం దారిలో ఎదురుపడతాయి,
అద్దంలోంచి ఓ మొహం, దాటిపోతుంది, అంతే.
ఆ మొహానికీ నాకూ ఏం చుట్టరికం?
కానీ ఆ బరువు అక్కడ లేకపోతే
నేనిక్కడ రాయిలా పడతాను."
"అయితే సమాజం అని రాసుకోనా?"
"వద్దు. సమాజమంటే పోస్టర్ల మీద పళ్ళికిలించేవాళ్ళు.
నేను చెప్తోంది ఆ మొహం సంగతి."

రాత్రికి సూపర్‌వైజర్ ఫోను:
"ఇతరం నలభై ఒకటా? ఒక్క రోజులో?
మిగతా నాలుగింటికీ సర్దెయ్."
సర్దాను. ఫ్రెసియాని చట్టంలో,
ఎలియెసెర్‌ని, పాపం, భయంలో.
నిబాల్దో దగ్గర చెయ్యాగింది.

నన్నెవరూ అడగరు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.
మార్చి చివర్లో యాస్నా పుట్టినరోజని
డాబా మీద పదకొండుమందిమి చేరాం.
ఒకటే సీసా, అందరి నోళ్ళూ తిరిగింది.
తర్వాత పద్నాలుగు రోజులు
వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను.
ఎవరికీ ఏమీ కాలేదు.
అంటే, ఆ పదకొండుమందికి.
దిగేటప్పుడు మెట్ల మీద గోడకి ఒదిగి
మాకు దారిచ్చిన రొట్టెల బుట్టావిడ
మళ్ళీ నా కంటపడలేదు.
ఊరు మారిందేమో.
బేరం మానేసిందేమో.
ఆ 'ఏమో'కి ఫారంలో గడి లేదు.

ఇవాళ ఏడున్నరకి రొట్టెల కోసం లిఫ్టెక్కాను.
పెట్టెలో నేనొక్కదాన్నే,
మాస్కు గడ్డం కిందికి జారి ఉంది,
సముద్రపు గాలి బావుంది.
సగం దారిలో అవతలి పెట్టె వచ్చింది.
అందులో నా ఈడు పిల్లెవరో,
నన్ను చూసి, చటుక్కున తన మాస్కు
ముక్కు మీదికి లాక్కుంది.

మా మధ్య రెండు అద్దాలు,
బోలెడంత గాలి,
దేనికీ ఏ అవసరమూ లేదు.

నేనూ లాక్కున్నాను.